తప్పు జరిగిందంట, చేసినోడు యాడ?

పోయిన సంక్రాంతికి ముందు ఒక మధ్యాహ్నం షాపులో జిరాక్స్ మెషిన్‌లో ఇరుక్కున్న కాగితం లాగుతున్నాను. నాన్న ఫోన్ చేశాడు.

"ఒరేయ్, ఈ గానుగ అరగంట నుంచి తిరగతానే ఉందిరా. నూనె మాత్రం రాలా."

గానుగ అంటే పేజీ తెరుచుకోకముందు స్క్రీన్ మధ్యలో గుండ్రంగా తిరిగే గీత. నాన్న ముప్పై ఏళ్ళకు పైగా జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో తెలుగు చెప్పి రిటైరయ్యాడు. కనబడిన ప్రతిదానికీ ఓ తెలుగు పేరు పెట్టందే ఆయనకు తోచదు. అక్షరాలు రాకముందు వాటి చోటులో కనిపించే బూడిద రంగు పట్టీలను విభూతి రేఖలంటాడు.

ఆ రోజు ఆయన చదవాలనుకున్నది నెల్లూరు మొలగొలుకుల మీద ఎవరో రాసిన వ్యాసం. చిన్నప్పుడు ఇంట్లో వండిన బియ్యం కాబట్టి ఆశ. పాత స్నేహితుడొకాయన వాట్సాప్‌లో లింకు పంపాడు. నొక్కితే హెడ్డింగ్ వచ్చింది. బనియన్ల ప్రకటన కూడా ఏ ఇబ్బందీ లేకుండా చక్కగా వచ్చింది. కింద మాత్రం విభూతి రేఖలే.

"స్క్రీన్ మీద ఇంకేమన్నా రాసుందా నాన్నా?"

"ఏదో ఇంగ్లీషులో ఒక లైనుంది."

"ఏమని?"

"నేను చదవలా. అది మనకు రాసింది కాదులే."

నాలుగు పేజీల వ్యాసం కోసం అరగంట ఓపిగ్గా కూర్చున్న మనిషి, కళ్ళ ముందున్న ఒక్క లైను చదవలేదు. ఈయనొక్కడే కాదు. ఇరవై ఏళ్ళుగా నా దగ్గరికి ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ పట్టుకొచ్చే వాళ్ళలో ఎక్కువమంది అంతే. "ఏదో వచ్చిందన్నా, నొక్కేశా" అంటారు. డాక్టరు రాసిచ్చిన చీటీ చింపేసి మందుల షాపుకు వచ్చినట్టుంటుంది నాకు.

నేను కందుకూరులో, పామూరు రోడ్డులో 2004లో నెట్ సెంటర్ పెట్టాను. ఆరు కంప్యూటర్లు, గంటకు 20 రూపాయలు. అప్పట్లో తెలుగు వ్యాసం తెరుచుకోకపోవడం అంటే వేరే సంగతి. పేజీ వచ్చేది, తెలుగే వచ్చేది కాదు. ఒక్కో పత్రిక సైటుకు ఒక్కో సొంత ఫాంటు. ఆ ఫాంటు మన కంప్యూటర్లో లేకపోతే తెరనిండా పిచ్చి గీతలు. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి కోడ్లిచ్చే యూనికోడ్‌లో రాసిన పేజీలైనా సరే, విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉన్నా, రీజనల్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి కాంప్లెక్స్ స్క్రిప్టుల డబ్బాలో టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ పెట్టందే ఒత్తులు కుదురుగా కూర్చునేవి కావు. ఆరు కంప్యూటర్లకూ ఆ సీడీ తిప్పి తిప్పి గీతలు పడేలా చేశాను. తర్వాత పద్మ అని ఫైర్‌ఫాక్స్‌కు ఒక ఎక్స్‌టెన్షన్ వచ్చింది. పత్రికల సొంత ఫాంట్లలో ఉన్న పేజీని అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. అది పెట్టిన రోజు ఒక పెద్దాయన నాకు టీ ఇప్పించాడు.

ఇప్పుడు ఫాంట్ల గొడవ లేదు. నెట్ సెంటర్ కూడా లేదు. అదే గదిలో జిరాక్స్, ప్రింటౌట్లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు. కానీ "రావడం లేదన్నా" అనే మాట మాత్రం పోలేదు.

దానికి మా దగ్గర అందరికీ తెలిసిన వైద్యం ఒకటే. ఆపి ఆన్ చెయ్. జిందా తిలిస్మాత్ లాగా సమస్త రోగాలకూ అదే. పనిచేయదని కాదు. చాలాసార్లు పనిచేస్తుంది కూడా, అందుకే ఆ అలవాటు వదలడం లేదు. టవర్‌తో తెగిపోయిన లంకె మళ్ళీ మొదటి నుంచి కుదురుతుంది. ఆ మాత్రానికి ఫోన్ మొత్తం ఆపక్కర్లేదు, ఏరోప్లేన్ మోడ్ పెట్టి పది సెకన్లాగి తీసినా అదే పని అవుతుంది. నా అభ్యంతరమల్లా, ఎందుకు బాగైందో తెలియకుండా బాగవడం మీద. రేపు మళ్ళీ ఆగిపోతే మళ్ళీ అదే తిలిస్మాత్. దానికీ లొంగకపోతే "ఫోన్ పాతదైపోయింది, కొత్తది కొనాలి". నాన్న ఆ రోజు ఫోన్ పెట్టేసే ముందు అన్నదీ అదే. తప్పు అవతల ఎక్కడో ఉండొచ్చని ఆయనకు తోచనే లేదు. పేజీ రాకపోతే మనవాళ్ళు ముందు తమను తామే నిందించుకుంటారు. "నాకు ఈ కంప్యూటర్లు రావు నాయనా" అంటారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఆ లైను అక్షరం అక్షరం చదివించాను.

"సమ్‌థింగ్ వెంట్ రాంగ్. అంతే ఉంది. ఏదో తప్పు జరిగిందంట. చేసినోడు యాడ? ఇదేం వాక్యంరా?"

నిజమే. ఆయన జీవితమంతా పిల్లల్ని అడిగిన ప్రశ్నే ఇది, వాక్యంలో కర్త ఎవరు అని. పేజీ రానప్పుడు మనం వెతకాల్సింది కూడా కర్తనే. ఉండేది మూడు చోట్ల: మన చేతిలో ఫోన్, మధ్యలో దారి, అవతల ఆ పేజీ పెట్టినవాళ్ళు. వాడెక్కడున్నాడో తెలుసుకోవడానికి ఇంజనీరింగ్ అక్కర్లేదు. అదే ఫోన్లో వేరే సైటు తెరవాలి. అది వస్తే ఫోనూ దారీ దాదాపు బాగున్నట్టే. ఏదీ రాకపోతే వైఫై తీసి మొబైల్ డేటా మీద చూడాలి. డేటా మీద వస్తే తప్పు ఇంట్లో పెట్టెలోనో, వీధి స్తంభం మీద వేలాడే కేబుల్లోనో ఉంది. మీకు రాని పేజీ వేరే ఊళ్ళో ఉన్న అన్నకో చెల్లికో కూడా రాకపోతే మీ ఫోన్‌కు దండం పెట్టి పక్కన పెట్టండి, దాని తప్పేం లేదు. రెండు నిమిషాల పని. ఈ రెండు నిమిషాలు పెట్టకుండా యాప్ తీసేసి మళ్ళీ ఎక్కించి, కాష్‌తో (ఫోన్ దాచుకున్న పేజీల నకళ్ళతో) పాటు సైట్ల డేటా అంతా తుడిచి, దాచుకున్న లాగిన్లన్నీ పోగొట్టుకుని, చివరికి నా దగ్గరికి వస్తారు.

నాన్న లింకు షాపు కంప్యూటర్లో తెరిచాను. హెడ్డింగ్, బనియన్లు, విభూతి రేఖలు. అక్కడా అంతే. ఫోన్ నిర్దోషి. పన్నెండు వేలు మిగిలాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే ప్రకటన వచ్చి వ్యాసం రాకపోవడం చాలామందికి కుట్రలాగా కనిపిస్తుంది. కుట్ర కాదు. మనం ఒక పేజీ అనుకునేది నిజానికి ఒక్క చోటు నుంచి రాదు. హెడ్డింగ్ ఒక సర్వర్ నుంచి, ఫోటోలు ఇంకోచోటు నుంచి, ప్రకటన ఎక్కడో వేరే కంపెనీ నుంచి, వ్యాసం ఏమో ముందు ఒక జావాస్క్రిప్ట్ (బ్రౌజర్లో నడిచే చిన్న ప్రోగ్రాం) వచ్చి, అది లేచి, మళ్ళీ వెళ్ళి అడిగి తెచ్చే ఏర్పాటు. ఆ స్క్రిప్టు దారిలో చచ్చిపోతే అడిగేవాడు లేడు, తెచ్చేవాడు లేడు. పెళ్ళికి బాజాలూ బంతిపూలూ వచ్చి పెళ్ళికొడుకు రాకపోవడం. అదే వ్యాసాన్ని మొదట వచ్చే పేజీలోనే రాసి పంపితే, మిగతావన్నీ చచ్చినా అక్షరాలు మాత్రం కనిపిస్తాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఇప్పటికీ అలాగే పంపుతుంది. జావాస్క్రిప్ట్ మొత్తం ఆపేసి తెరిచి చూడండి, వ్యాసం శుభ్రంగా వస్తుంది.

బరువు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. దీని మీద నాకు కొంచెం పిచ్చి, ఓర్చుకోండి.

మా బావకు గుడ్లూరు వైపు రొయ్యల చెరువులున్నాయి. వనామీ. రాత్రి ఒంటి గంటకు చెరువు గట్టు మీద ఏరియేటర్ల మోతలో కూర్చుని, రొయ్యలకు తెల్ల మచ్చ జబ్బు లాగా కనిపించిందనుకుని ఒక వ్యాసం తెరవబోయాడు. రాలేదు. "నెట్ ఉంది, వాట్సాప్‌లో మెసేజులు పోతున్నాయి, ఇదొక్కటే రావడం లేదు" అని పొద్దున్నే ఫోన్. టెన్షన్‌లో రాత్రంతా నిద్రలేదు పాపం. విషయం ఏమిటంటే ఆయన రోజు డేటా 1.5 జీబీ సాయంత్రానికే సినిమా చూసి అవగొట్టాడు. అయిపోయాక నెట్ పూర్తిగా ఆగిపోదు, వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అందుకే ఉన్నట్టే ఉంటుంది.

64 కేబీపీఎస్ అంటే 64 కిలోబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి సెకనుకు 8 కిలోబైట్లు. హెచ్‌టీటీపీ ఆర్కైవ్ అని ప్రపంచంలో వెబ్ పేజీలు ఎంత బరువున్నాయో ఏళ్ళ తరబడి కొలుస్తున్న వాళ్ళున్నారు. వాళ్ళు కొలిచే పేజీల్లో సగానికి పైగా మొబైల్ మీద 2 ఎంబీ దాటినవే. 2 ఎంబీ అంటే 2048 కేబీ. ఎనిమిదితో భాగిస్తే 256 సెకన్లు, నాలుగు నిమిషాల పైచిలుకు. అదీ ఏ అడ్డూ లేకుండా ధారగా వస్తేనే. అంతసేపట్లో స్క్రిప్టు విసిగిపోయి 'ఏదో తప్పు జరిగింది' అనేస్తుంది.

ఇప్పుడు వ్యాసం ఒక్కదాని బరువు చూద్దాం. తెలుగు అక్షరానికో గుర్తుకో యూనికోడ్ ఇచ్చిన కోడు ఒక్కొక్కటి, వెబ్‌లో మామూలుగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు తీసుకుంటుంది. ఇంగ్లీషు అక్షరం ఒకటే బైటు. 'క్ష' లాంటిదానికి క, పొల్లు, ష అని మూడు కోడ్లు, మొత్తం 9 బైట్లు. తెలుగు బరువైన భాష అని కొందరు ఇది చూపించి అంటారు. సరే, లెక్క వేద్దాం. 1500 మాటల వ్యాసంలో సుమారు 15 వేల కోడ్లు ఉంటాయనుకుందాం. 45 వేల బైట్లు, అంటే 44 కేబీ. బావ చెరువు గట్టు మీద, ఆ చచ్చు వేగంలో, ఆరు సెకన్లలోపు రావాలి! సర్వర్లు మామూలుగా చేసినట్టు కుదించి పంపితే ఇంకా తొందరగా వస్తుంది. ఆయనకు రొయ్యల జబ్బు గురించి తెలియాల్సిన ప్రతి అక్షరం ఆరు సెకన్ల దూరంలో ఉంది. దాని చుట్టూ కట్టిన మూటే నాలుగు నిమిషాలు.

ప్రకటనలు లేకపోతే రాసేవాళ్ళు ఎలా బతుకుతారని అడుగుతారు. బతకాలి. నేను ప్రకటనలు వద్దనడం లేదు. కందుకూరు వేలం కేంద్రానికి పొగాకు బేలు తెచ్చే రైతు కూడా దాన్ని గోనెపట్టలో చుట్టే తెస్తాడు. చుట్టకుండా తెమ్మని ఎవరూ అనరు. కానీ గోనెపట్ట బరువు లోపలి పొగాకుకు నలభై రెట్లుంటే కాటా దగ్గర ఏమంటారు? వ్యాసం ముందు పంపి, గోనెపట్ట వెనక పంపండి. అంతే నేను అడిగేది. అక్షరాలు చదువుతున్నవాడు కింద ప్రకటన కూడా చూస్తాడు. విభూతి రేఖలు చూస్తున్నవాడు పేజీ మూసి వెళ్ళిపోతాడు, అప్పుడు బనియన్లవాడికీ నష్టమే.

ఇది విసుగుతో పోయే విషయమూ కాదు. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేదాకా మా తీరమంతా వానలో నానింది. అలాంటి రోజుల్లో కరెంటు ఉండదు, టవర్లు బ్యాటరీల మీద, డీజిల్ మీద నడుస్తుంటాయి, ఊరంతా ఒకే టవర్ మీద పడుతుంది. ఏ రైలు ఆగింది, ఏ రోడ్డు తెగింది అనే నాలుగు లైన్లు చదవడానికి జనం అల్లాడుతుంటే, ఆ నాలుగు లైన్ల ముందు ఒక వీడియో తనంతట తనే మొదలవుతుంది. దీన్ని నేను అలవాటు పడాల్సిన విషయంగా ఒప్పుకోను.

బావకు ఒపేరా మినీ పెట్టిచ్చాను. అది పేజీని ముందు తన సర్వర్లో కుదించి, చిన్నది చేసి ఫోన్‌కు పంపుతుంది. క్రోమ్‌లోనూ ఇలాంటి లైట్ మోడ్ ఒకటి ఉండేది, 2022 మార్చిలో తీసేశారు. తెల్ల మచ్చ మాత్రం కాదంట, పొద్దున్నే చూస్తే ఏమీ లేదు. నిద్రే దండగ.

సరే, లైన్ల సంగతికి వద్దాం. అన్నీ 'సమ్‌థింగ్ వెంట్ రాంగ్' లాంటి పనికిమాలినవి కావు. కొన్ని నిజంగా సంగతి చెబుతాయి.

మా వీధిలో ఒక పిన్ని ఉంది. పత్రికల వెబ్‌సైట్లలో ఆదివారం కథలు చదువుతుంది. ఒకరోజు భయపడిపోతూ వచ్చింది. "నాయనా, నా ఫోన్లోకి ఎవడో తొంగి చూస్తన్నాడంట, అదే రాస్తంది." తీసి చూస్తే 'యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్' అని ఎర్ర గుర్తుతో ఉంది. పైన గడియారం చూశాను. తేదీ 1970 జనవరి 1. బ్యాటరీ పూర్తిగా అయిపోయి రెండు వారాలు బీరువాలో పడి ఉందంట ఆ ఫోన్. కంప్యూటర్ల లోకంలో కాలం లెక్క మొదలయ్యేది ఆ రోజే, మన టైములో పొద్దున 5:30కి. దారి తప్పిన గడియారాలు చాలా అక్కడికే పోయి కూర్చుంటాయి. సైటు అసలుదే అని రుజువు చేసే సర్టిఫికెట్‌కు ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని గడువుంటుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళు ఉచితంగా ఇచ్చేవి 90 రోజులకు మించవు. 1970లో ఉన్న ఫోన్‌కు అవి ఇంకా పుట్టని సర్టిఫికెట్లు, కాబట్టి నమ్మదు. తేదీ సరిచేశాను, అన్నీ తెరుచుకున్నాయి. ఎవడూ తొంగి చూడలేదు.

తేదీ సరిగ్గా ఉన్నా అదే గోల పెడితే, బాగా పాత ఫోన్ అయ్యుంటుంది. ఆ లెట్స్ ఎన్‌క్రిప్ట్ మూల సర్టిఫికెట్‌ను ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాతవి సొంతంగా గుర్తుపట్టవు. కొన్నేళ్ళు వేరే సంస్థ సంతకం ఆసరాతో నెట్టుకొచ్చారు, 2024లో అదీ ఆగిపోయింది. మామూలుగా ఇక్కడే "కొత్తది కొను" అంటారు. కొనే ముందు ఫైర్‌ఫాక్స్ వేసి చూడండి. అది ఫోన్ దగ్గరున్న మూల సర్టిఫికెట్ల జాబితాను కాకుండా తన వెంట తెచ్చుకున్న జాబితాను నమ్ముతుంది. ఆ ఫోన్‌కు సరిపడే వెర్షన్ దొరికితే ఇంకొంత కాలం నడుస్తుంది. ఒక్క హెచ్చరిక. బ్యాంకు పేజీ మీద ఆ ఎర్ర గుర్తు వస్తే 'ఏం కాదులే' అని లోపలికి పోవద్దు. కథ చదవడం వేరు, డబ్బు వేరు.

ఇంకొక రకం తప్పు, పేరు తెలిసినా ఇల్లు ఎక్కడో తెలియకపోవడం. సైటు పేరును అంకెల అడ్రసుగా మార్చిచెప్పే డీఎన్‌ఎస్ ఆ అడ్రసు చెప్పలేకపోతే 'ఎన్‌ఎక్స్‌డొమైన్' అనో 'నేమ్ నాట్ రిజాల్వ్‌డ్' అనో వస్తుంది. కేబుల్ నెట్ ఉన్న ఇళ్ళలో ఇది తరచూ చూస్తాను. కొన్నిసార్లు తప్పు ఇంట్లోవాళ్ళదే. సెలవులకొచ్చిన మనవడు ప్రకటనలు ఆపేస్తానని ప్రైవేట్ డీఎన్‌ఎస్‌లో ఏదో పేరు టైపు చేసి హైదరాబాద్ వెళ్ళిపోతాడు. ఆ సర్వర్ పలకని రోజు తాతకు లోకమంతా మూగబోతుంది. సెట్టింగ్స్‌లో దాన్ని 'ఆటోమేటిక్' మీద పెడితే సరి. కేబుల్ వాడి డీఎన్‌ఎస్సే నిద్రపోతే గూగుల్ వాళ్ళ 8.8.8.8, క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళ 1.1.1.1 ఉన్నాయి. రెండూ ఉచితమే.

రైల్వే స్టేషన్ వైఫై గురించి ఒక్క మాట. వైఫై గుర్తు నిండుగా కనిపించి ఏ వ్యాసమూ రాకపోతే, అది మీ ఓటీపీ కోసం ఎదురుచూస్తోందన్నమాట. లాగిన్ పేజీ పిలిచి నెంబరు కొట్టండి, అంతే.

పేజీ దొరకలేదని చెప్పే 404 సంగతి మాత్రం ఆగి చెప్పాలి, అది మా ఊరి కథ కూడా.

నాన్న పుట్టినప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉంది. 1970 ఫిబ్రవరి 2న కొత్తగా ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకి పోయింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరొచ్చింది. (పిన్ని ఫోన్ చూపించిన 1970 జనవరి 1న మేమింకా నెల్లూరు వాళ్ళమేనన్నమాట. ఆ మాట చెబితే నాన్న మురిసిపోయాడు.) 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మళ్ళీ కదిపినప్పుడు కందుకూరు తిరిగి నెల్లూరులోకి వెళ్ళింది. ఇంత జరిగినా ఊరు ఒక్క అడుగు కదల్లేదు. మారింది కవరు మీద అడ్రసు. అయినా పాత అడ్రసు రాసిన ఉత్తరాలు మా ఇంటికి వచ్చాయి, ఎందుకంటే పోస్ట్‌మ్యాన్‌కు మేం తెలుసు.

వెబ్‌సైట్లలో ఆ పోస్ట్‌మ్యాన్ ఉండాలి. సైటును కొత్తగా మార్చినప్పుడు పాత లింకు నొక్కినవాణ్ణి కొత్త చోటికి తీసుకెళ్ళమని సర్వర్‌కు చెప్పే పద్ధతి ఉంది, 301 అంటారు. చాలామంది ఆ పని చేయరు. రంగులు మారుస్తారు, లోగో మారుస్తారు, పదేళ్ళ వ్యాసాల అడ్రసులన్నీ ఒక్క రాత్రిలో చెరిపేస్తారు. 404 అంటే సర్వర్ పలికింది, ఆ అడ్రసులో ఏమీ లేదని చెప్పింది అని అర్థం. నెట్ బాగుంది, ఫోన్ బాగుంది. వందసార్లు రిఫ్రెష్ కొట్టినా రాదు. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ వాళ్ళు 2024లో లెక్క తీస్తే, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ళు తిరిగేసరికి దొరకలేదు. ఇది చదివినప్పుడు నాకు తెలుగు బ్లాగులు గుర్తొచ్చాయి. బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించే 'కూడలి' సైటులో రోజూ పొద్దున్నే కొత్త టపాలు చూసుకున్న కాలం. అప్పుడు దాచుకున్న లింకులు ఇప్పుడు నొక్కాలంటే భయమేస్తుంది.

అలాంటప్పుడు నేను చేసేది ఒకటే. లింకు కాపీ చేసి ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ వేబ్యాక్ మెషిన్‌లో వేస్తాను. వాళ్ళు 1996 నుంచి పేజీల నకళ్ళు తీసి దాస్తున్నారు, 2001 నుంచి మనలాంటి వాళ్ళకూ చూపిస్తున్నారు. గూగుల్ కూడా ఒకప్పుడు చాలా ఫలితాల పక్కన తన నకలు ఇచ్చేది, 2024లో మానేసింది. వేబ్యాక్‌లో అన్నీ ఉండవు, తెలుగువి మరీ తక్కువ. ఉన్నప్పుడు మాత్రం నిధి దొరికినట్టుంటుంది.

నాన్న మొలగొలుకులు అక్కడే దొరికాయి. మొలగొలుకుల పేజీ 404 కాదు, వాళ్ళ స్క్రిప్టేదో ఆ రోజు విరిగింది. నెల కిందట ఆర్కైవ్ తీసిన నకలులో పూర్తి వ్యాసం ఉంది, బనియన్లు లేవు. ఏ4లో నాలుగు పేజీలు ప్రింటు తీసి రాత్రి ఇంటికి పట్టుకెళ్ళాను. చదివి, ఎర్ర పెన్నుతో ఏడు అచ్చుతప్పులు దిద్ది నాకిచ్చాడు.

ఇక 500ల కుటుంబం. 502, 503, 504. ఈ అంకెలు కనిపిస్తే కర్త అవతలివాడే. మా వైపు 'సర్వర్ డౌన్' అనేది సాంకేతిక పదం కాదు, 'రేపు రా' అనడానికి మర్యాదైన మాట. కౌంటర్ల దగ్గర అది విని విని, నిజంగా సర్వర్ పడిపోయినప్పుడు కూడా ఎవరూ నమ్మరు. కానీ నిజంగానే పడిపోతుంది. 2021 జూన్ 8న మన టైము మధ్యాహ్నం మూడుంబావు దాటాక ప్రపంచంలో పెద్ద పెద్ద పత్రికల సైట్లు, బ్రిటన్ ప్రభుత్వ సైటు సహా ఒక్కసారిగా ఆగిపోయాయి. చాలాచోట్ల కనిపించింది 503. ఫాస్ట్లీ అని ఆ సైట్ల పేజీలను జనానికి దగ్గరగా పెట్టి అందించే కంపెనీ ఉంది. దాని సాఫ్ట్‌వేర్‌లో దాక్కున్న లోపం, ఒక కస్టమర్ తన సెట్టింగు మార్చుకోగానే బయటపడింది. గంట లోపే చాలావరకు సర్దుకుంది. ఆ గంటలో ఫోన్లు ఆపి ఆన్ చేసుకున్నవాళ్ళందరూ, తమ తిలిస్మాత్ వల్లే బాగైందని ఇవాళ్టికీ నమ్ముతుంటారు.

503కి మన వైపు నుంచి రిపేరు లేదు. టీ తాగి రావడమే.

వేరేవాళ్ళను ఇన్ని మాటలన్నాను కాబట్టి నా సంగతీ చెప్పాలి. బరువు మీద పిచ్చి పట్టిన కొత్తలో నేను రాసుకునే పేజీని కూడా కొలిచాను. 13 ఎంబీ! రామాయపట్నం బీచ్ మీద రాసిన చిన్న ముక్క, అందులో ఫోన్‌తో తీసిన మూడు ఫోటోలు, ఒక్కొక్కటి 4 ఎంబీకి పైనే, తీసినవి తీసినట్టే ఎక్కించాను. బావ చెరువు గట్టు మీద అది తెరిస్తే అరగంట దగ్గర పట్టేది. ఫోటోలు వంద కేబీలకు దించాక ఎవరికీ తేడా తెలియలేదు, సముద్రం అంతే నీలంగా ఉంది. కాబట్టి పేజీలు పెట్టేవాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. వాళ్ళు మంచి ఫోన్లో, మంచి వైఫైలో, ఆఫీసులో కూర్చుని చూసుకుంటారు. వాళ్ళకు అంతా వస్తూనే ఉంటుంది. ఒక్కరోజు డేటా అయిపోయిన సిమ్ వేసుకుని తమ సైటు తామే తెరిచి చూస్తే చాలు, మొలగొలుకులేవో గోనెపట్టేదో వాళ్ళకే తెలుస్తుంది.

ఆ 'సమ్‌థింగ్ వెంట్ రాంగ్'ను కూడా మార్చాలి. తెలుగు వ్యాసం చదవడానికి వచ్చినవాడికి తప్పు మాత్రం ఇంగ్లీషులో చెప్పడం ఎందుకు? 'మా సర్వర్ పలకడం లేదు, మీ ఫోన్ బాగానే ఉంది, గంటాగి చూడండి' అని రాయడానికి ఎంత? వంద కోడ్లు కూడా ఉండవు. 300 బైట్ల లోపు.

నాన్న ఇప్పుడొక నోటు పుస్తకం పెట్టాడు. పేజీ రాకపోతే ఆ లైనును తెలుగు లిపిలో రాసుకుంటాడు, పక్కన తేదీ, టైము. 'ఎర్ర్ కనెక్షన్ టైమ్‌డ్ అవుట్' కింద 'దారిలో విసిగి వెనుదిరిగెను' అని భావం కూడా రాశాడు. మొన్న మధ్యాహ్నం జిరాక్స్ దగ్గర నలుగురు నిలబడి ఉండగా ఫోన్ చేశాడు. ఏరోప్లేన్ మోడ్ చెబుదామని నోరు తెరిచాను.

"ఏం చెప్పబాకు. ఐదొందల మూడంట. కర్త వాడే. నాలుగింటికి చూస్తా" అని పెట్టేశాడు.